ఆ కుర్చీకి దారి మన గడప నుండే



ఇంటర్ ఫలితములు వచ్చిన వారములో మన పట్టణములను ఒకసారి గమనించండి. సూర్యాపేట బస్టాండు దగ్గర, కోదాడలో హైవే ప్రక్కన, మిర్యాలగూడ సెంటర్లలో ఎక్కడ చూచినా కాలేజీల వారు కట్టిన ఫ్లెక్సీలే. మార్కులు బాగా వచ్చిన పిల్లల ఫొటోలు వాటి మీద వరుసగా ఉంటాయి. లెక్కపెట్టి చూస్తే అందులో సగము, ఒక్కొక్కసారి సగానికి పైగా, ఆడపిల్లల ముఖములే. కూలికి వెళ్ళే తల్లులు ఆగి ఆ ఫొటోలు చూస్తారు. చూచి సంతోషించని వారు ఉండరు.

ఈ నెల మేము మీ ముందుంచదలచిన ప్రశ్న ఒక్కటే. ఆ ఫ్లెక్సీ మీది ఆడపిల్లలు ముప్పై ఏండ్ల తరువాత ఎక్కడ ఉంటారు? వారిలో టీచరమ్మలు ఉంటారు, నర్సులు ఉంటారు, డాక్టర్లు, ఇంజనీర్లు కూడా ఉంటారు. అయితే ఒక విశ్వవిద్యాలయమును నడిపించే కుర్చీలో, అనగా ఉపకులపతి కుర్చీలో, వారిలో ఎవరైనా కూర్చుంటారా? "అంత పెద్ద మాట మనకెందుకు?" అని మీరనవచ్చును. ఇది మన ఇంటి మాటే అని చెప్పుటకే ఈ వ్యాసము వ్రాస్తున్నాము.

తరగతి గది నిండింది, పై గది నిండలేదు

2021-22 లో కేంద్ర ప్రభుత్వము చేసిన ఉన్నత విద్యా సర్వే ప్రకారము మన దేశములో కాలేజీలలో, యూనివర్సిటీలలో చదువుతున్న వారు 4 కోట్ల 33 లక్షల మంది. వారిలో 2 కోట్ల 7 లక్షల మంది స్త్రీలు, అనగా దాదాపు సగము. నూరేండ్ల క్రితము ఆడపిల్ల అక్షరము నేర్చుకుంటే వింతగా చూచిన దేశములో ఇది చిన్న సంగతి కాదు.

ఇప్పుడు పై గదిలోనికి చూద్దాము. 2024 అక్టోబరులో తెలంగాణ ప్రభుత్వము ఒకేసారి తొమ్మిది విశ్వవిద్యాలయములకు ఉపకులపతులను నియమించింది. ఉస్మానియా, కాకతీయ, మన నల్లగొండలోని మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయము ఆ తొమ్మిదిలో ఉన్నవి. ఆ తొమ్మిది పేర్లలో స్త్రీ పేరు ఒక్కటి కూడా లేదు. నియమింపబడిన వారిని తక్కువ చేయుటకు ఈ మాట చెప్పుట లేదు. వారు పండితులు, అనుభవజ్ఞులు. అయినను, క్రింద సగము మంది ఉన్న చోట పైన ఒక్కరు కూడా లేకపోతే, మధ్యలో ఎక్కడో మెట్లు విరిగినవని అనుకొనక తప్పదు.

ఆ కుర్చీలో కూర్చున్న వారు

స్త్రీలకు ఆ పని చేతకాదని ఎవరైనా అంటే చరిత్ర ఒప్పుకోదు. 1949 లో బరోడా విశ్వవిద్యాలయమునకు హంసా మెహతా గారు ఉపకులపతి అయ్యారు. ఆడ, మగ కలిసి చదివే విశ్వవిద్యాలయమునకు మన దేశములో ఉపకులపతి అయిన మొదటి స్త్రీ ఆమెయే. అంతకు ముందు ఏడాది ఐక్యరాజ్యసమితి వారు మానవ హక్కుల ప్రకటన తయారుచేస్తున్నప్పుడు, ఇంగ్లీషులో "మగవారందరు" అనే అర్థము వచ్చే మాటను తీసి "మనుష్యులందరు" అనే అర్థము వచ్చే మాట పెట్టించినది కూడా ఆమెయే.

మన తెలుగు నేల మీద కూడా అట్టివారు ఉన్నారు. వరంగల్లులోని కాకతీయ విశ్వవిద్యాలయమునకు వృక్షశాస్త్ర ఆచార్యులైన విద్యావతి గారు ఉపకులపతిగా పనిచేశారు. తెలుగు విశ్వవిద్యాలయమును ఆవుల మంజులత గారు నడిపించారు. ఉస్మానియాలో ఇంగ్లీషు బోధించిన సునైనా సింగ్ గారు హైదరాబాదులోని ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయమునకు 2012 లో ఉపకులపతి అయ్యారు. తరువాత 2017 లో బీహారులోని నలందా విశ్వవిద్యాలయ బాధ్యత స్వీకరించారు. మన బత్తాయి, నిమ్మ రైతులకు అక్కరకు వచ్చే ఉద్యాన విశ్వవిద్యాలయమునకు నీరజా ప్రభాకర్ గారు ఉపకులపతిగా పనిచేశారు.

అన్నిటికంటె మమ్మును ఎక్కువగా ఆలోచింపజేసినది 2025 ఫిబ్రవరిలో జరిగిన నియామకము. రాజమహేంద్రవరములోని ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయమునకు ఎస్. ప్రసన్నశ్రీ గారిని ఉపకులపతిగా నియమించారు. ఆమె గిరిజన కుటుంబమునుండి వచ్చారు. ఆంధ్ర విశ్వవిద్యాలయములో ఇంగ్లీషు ఆచార్యులుగా పనిచేస్తూ, లిపి లేని గిరిజన భాషలకు లిపులు తయారుచేశారు. కొండమీద మాట్లాడే భాషకు అక్షరము దిద్దిన చేతికి విశ్వవిద్యాలయపు తాళపుచెవులు అప్పగింపబడినవి. తండాలలో, గూడెములలో పరిచర్య చేసేవారు ఈ సంగతిని ఆడపిల్లలకు చెప్పవలెను.

స్త్రీల కొరకే ప్రత్యేకమైన విశ్వవిద్యాలయములు కూడా మనకున్నవి. తిరుపతిలో శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయము 1983 లో ప్రారంభమైనది. హైదరాబాదు కోఠీలో 1924 నాటి మహిళా కళాశాల 2022 లో విశ్వవిద్యాలయము అయినది. 2024 లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. పాలకుర్తి ఐలమ్మను మన ప్రాంతపు పెద్దలకు వేరే పరిచయము చేయనక్కరలేదు. 1940వ దశకములో దొరల పెత్తనమునకు ఎదురు నిలిచి, తన సాగుభూమిని, పంటను కాపాడుకొన్న స్త్రీ ఆమె. బట్టలు ఉతికే ఇంట పుట్టిన స్త్రీ పేరు నేడు పట్టాల మీద అచ్చగుచున్నది.

అయితే ఒక మాట గమనించవలెను. స్త్రీల విశ్వవిద్యాలయమునకు స్త్రీని నియమించుటకు ఎవరూ పెద్దగా సందేహించరు. అందరి పిల్లలు చదివే విశ్వవిద్యాలయమునకు పేర్లు వెదికేటప్పుడే జాబితా పలుచబడుతుంది. ఎందుకని?

ముప్పై ఏండ్ల మెట్లు

దీనికి జవాబు లెక్కలో ఉన్నది. ఓపికగా చదవండి.

ఇరవై ఒక్క ఏట డిగ్రీ అయిపోతుంది. పి.జి. రెండేండ్లు. ఆ తరువాత నెట్ లేక సెట్ పరీక్ష, పి.హెచ్‌డి. కలిసి మరి అయిదారేండ్లు. అంతా సవ్యముగా జరిగితే ముప్పై ఏండ్లకు అసిస్టెంట్ ప్రొఫెసర్ ఉద్యోగము దొరుకుతుంది. 2018 నాటి యు.జి.సి. నిబంధనల ప్రకారము, పి.హెచ్‌డి. ఉండి ప్రమోషన్ల మీద ఒక్కొక్క మెట్టు ఎక్కేవారు ప్రొఫెసర్ కావడానికి కనీసము పదిహేనేండ్లు పడుతుంది. అప్పటికి నలభై అయిదు వస్తవి. ఉపకులపతి పదవికి పేరు పరిశీలించవలెనంటే అవే నిబంధనల ప్రకారము ప్రొఫెసర్‌గా పదేండ్ల అనుభవము కావలెను. అనగా యాభై అయిదు. అప్పుడు గాని ఆ పేరు వెదుకులాట కమిటీ బల్ల మీదికి రాదు. ఆ కమిటీ ముగ్గురి పేర్లు సూచిస్తే అందులోనుండి ఒకరిని మూడేండ్లకు నియమిస్తారు.

ఇప్పుడు ఆ వయస్సుల ప్రక్కన మన ఇంటి సంగతులు వ్రాసి చూడండి. ఇరవై ఒకటికి పెండ్లి సంబంధములు. ఇరవై మూడుకు మొదటి కాన్పు. ముప్పై నాటికి ఇద్దరు పిల్లల బడి. నలభై అయిదుకు అత్తమామల అనారోగ్యము, బిడ్డ పెండ్లి. మగవానికి మెట్టు ఎక్కవలసిన ఏడు ఉద్యోగపు ఏడే. స్త్రీకి అదే ఏడు ఇంటిలో ఏదో ఒక పిలుపు వస్తుంది. ఒక్కసారి దిగితే తిరిగి ఎక్కుటకు మెట్టు అక్కడ ఉండదు. యాభై అయిదవ ఏట కమిటీ వారు వెదకగా స్త్రీ పేరు దొరకలేదంటే, ఆ పేరు ఆ దినమున పోలేదు. ముప్పై నాలుగేండ్ల క్రితము ఒక ఇంటి వరండాలో పోయింది.

మా దగ్గరకు వచ్చిన మాట

మేము సేవ చేసే ఈ మూడు పట్టణముల చుట్టుప్రక్కల గ్రామములలో ఈ మాట ఏడాదికి నాలుగైదు సార్లు వింటాము. ఒక రైతు సోదరుడు సాయంత్రము ఆరాధన అయిన తరువాత ఆగి అన్న మాటలు ఇవి:

"అయ్యగారూ, పిల్ల మంచిగనే సదువుతది. పి.జి. సీటు గూడ వచ్చింది. కాని నల్లగొండ దాక రోజూ ఎట్ల తోలేది? హాస్టల్ల ఉంచుదామంటే ఊర్లె నలుగురు నాలుగు మాటలంటరు. సంబంధం మంచిది వచ్చింది. చేసేస్తే మా బరువు దిగుతది."

ప్రక్కనే నిలువబడిన తల్లి మెల్లగా అన్నది: "పెండ్లయినంక గూడ సదివిస్తమన్నరు అయ్యగారూ."

ఆ తండ్రి చెడ్డవాడు కాడు. అప్పు చేసి బిడ్డను డిగ్రీ వరకు చదివించినవాడు. అతని భయములు కూడా ఊరికే పుట్టినవి కావు. ఆ పెండ్లి మే నెలలో జరిగింది. సీటు కాగితము బీరువాలో ఉండిపోయింది. చదివిస్తామన్న వారు అబద్ధికులని అనము. అయితే ఆ మాటకు తేదీ లేదు, ఫీజు ఎవరు కడతారో లేదు, పిల్ల పుడితే ఎవరు చూస్తారో లేదు. అట్టి మాట గాలికి పోతుంది.

ఇంకొక ఇంటి సంగతి కూడా చెప్పవలెను. అక్కడ కోడలు పి.హెచ్‌డి.లో చేరిన ఏడాదే బిడ్డ పుట్టింది. "నువ్వు పోయిరా బిడ్డా, పిల్లను నేను చూసుకుంట" అని అత్తగారు అన్నారు. ఆ అత్తగారికి సంతకము చేయుట కూడా రాదు. సంక్రాంతికి, పరీక్షలకు, గైడు పిలిచినప్పుడెల్ల ఆమె ఆ మాట నిలబెట్టుకున్నారు. నేడు ఆ కోడలు కాలేజీలో పాఠము చెబుతున్నది. మేము ఆ ఇంటికి వెళ్ళినప్పుడు, చదువురాని ఆ తల్లినే మొదట అభినందిస్తాము.

పై కుర్చీలో స్త్రీ ఉంటే ఏమి మారుతుంది?

కోదాడలో, మిర్యాలగూడలో, సూర్యాపేటలో డిగ్రీ చదివే పిల్లలకు సిలబసు, పరీక్ష, పట్టా అన్నీ నల్లగొండ విశ్వవిద్యాలయము నుండి వస్తవి. క్యాంపస్‌లో హాస్టలు ఎన్ని గదులు, మరుగుదొడ్లు ఎట్లు, రాత్రి దీపములు వెలుగుతున్నవా, పరీక్ష ఏ వేళకు పెట్టాలి, ఆడపిల్ల ఫిర్యాదు చేస్తే విచారణ కమిటీ నిజముగా కూర్చుంటున్నదా, ఇవన్నీ పై వారు నిర్ణయించే సంగతులే. ఆ బల్ల చుట్టూ కూర్చున్న వారిలో ఎన్నడును హాస్టలు కొరకు అల్లాడిన వారు లేకపోతే, హాస్టలు చివరి అంశమవుతుంది.

దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి జీవితమే దీనికి సాక్ష్యము. 1909 లో రాజమండ్రిలో పుట్టిన ఆమెకు ఎనిమిదేండ్లకే పెండ్లి చేశారు. పెద్దయ్యాక ఆమె ఆ బంధము నుండి బయటికి వచ్చి, స్వాతంత్ర్యోద్యమములో జైలుకు వెళ్ళి, బయట కూర్చుని మెట్రిక్యులేషన్ పాసయ్యారు. బి.ఎ. చదువుటకు వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు వెళితే, ఆడవారికి హాస్టలు లేదు కనుక చేర్చుకోలేమన్నారు. ఆమె ఏడ్చి ఇంటికి రాలేదు. యూనివర్సిటీలో చదవగోరి హాస్టలు లేక ఆగిపోయిన అమ్మాయిలు తనకు వ్రాయవలసినదని పత్రికలో ప్రకటన వేశారు. వ్రాసిన వారిని కూర్చి, ఒక ఇల్లు చూచుకొని, తామే హాస్టలు పెట్టుకొన్నారు. అప్పుడు విశ్వవిద్యాలయము తలుపు తెరిచింది. తరువాతి కాలములో ఆమె రాజ్యాంగ సభలో కూర్చున్నారు. 1958 లో దేశమంతటి స్త్రీ విద్యను పరిశీలించిన జాతీయ కమిటీకి అధ్యక్షురాలయ్యారు. ఆంధ్ర మహిళా సభ ద్వారా వేలమంది స్త్రీలను చదివించారు.

ఆమెకు అడ్డుపడినది తెలివి తక్కువ కాదు. ఒక గది. ఈనాడు కూడా మన ఆడపిల్లలలో అనేకులకు అడ్డుపడేది అదే గది, అదే బస్సు, అదే ఊరి మాట.

స్త్రీ పెత్తనము తగునా?

కొందరు విశ్వాసులు మమ్మును ఈ ప్రశ్న అడుగుతారు. వారితో వాదము పెట్టుకొనము. ఖర్జూరపు చెట్టు క్రింద కూర్చుండి ఇశ్రాయేలీయులకు తీర్పు తీర్చిన దెబోరాను జ్ఞాపకము చేస్తాము. విద్వాంసుడైన అపొల్లోకు మార్గమును మరింత పూర్తిగా విశదపరచిన వారిలో ప్రిస్కిల్ల ఉన్నదని చూపిస్తాము. మన తెలుగు సంఘములలోనే 2013 లో నంద్యాల అధ్యక్ష మండలమునకు పుష్పలలిత గారు సి.ఎస్.ఐ. సంఘపు మొదటి స్త్రీ బిషప్పుగా అభిషేకింపబడ్డారు. దేవుడిచ్చిన వరమును ఏ పాత్రలో ఉంచెనో ఆయనకు తెలుసును. ఆ పాత్రను బోర్లించకుండుటే మన పని.

మనము చేయగలిగినవి

తలిదండ్రులారా, మొదటిది మీకు. డిగ్రీ అయిన వెంటనే సంబంధము వస్తే, "రెండేండ్లు ఆగండి, పి.జి. కానివ్వండి" అని ఒక్క మాట అనండి. మంచి సంబంధమైతే ఆగుతుంది. ఆగలేదంటే ఆ ఇంటిలో చదువుకు ఎంత విలువ ఉన్నదో ముందే తెలిసినట్లే.

రెండవది, పెండ్లి నిశ్చయమైతే ఆ రోజుననే పెద్దల ఎదుట చదువు సంగతి మాట్లాడండి. కట్నకానుకల లెక్క ప్రభుత్వము నేరమని చెప్పినా మన ఇండ్లలో గుసగుసగా నడుస్తూనే ఉన్నది. ఆ నోటితోనే "ఏ కాలేజీ, ఏ ఏడు, ఫీజు ఎవరు, పిల్లలను ఎవరు చూస్తారు" అని బయటికే అడగండి. కట్నము మాట మానివేసి ఈ మాట మాట్లాడితే మరీ మంచిది.

మూడవది, ఉన్న సదుపాయములు తెలిసికొనండి. 2023 డిసెంబరు 9 నుండి తెలంగాణలో ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో స్త్రీలకు చార్జీ లేదు. కనుక బస్సు ఖర్చు అన్న అడ్డు తొలగిపోయింది. సూర్యాపేటలోనే సాంఘిక సంక్షేమ గురుకుల మహిళా డిగ్రీ కళాశాల ఉన్నది. నెట్ పరీక్షలో జె.ఆర్.ఎఫ్. సాధించిన వారికి 2023 నుండి నెలకు 37,000 రూపాయలు ఫెలోషిప్ వస్తుంది. మన ప్రాంతములో పరిశోధన చేసే పిల్ల ఇంటికి భారము కాదు, ఇంటికి ఆధారము. పి.హెచ్‌డి. చేస్తున్న స్త్రీలకు కాన్పు, బిడ్డ పెంపకము నిమిత్తము 240 దినముల వరకు సెలవు తీసుకొనుటకు, గడువులో అదనముగా రెండేండ్లు పొందుటకు యు.జి.సి. నిబంధనలు వీలు కల్పిస్తున్నవి. పెండ్లయితే, బిడ్డ పుడితే పరిశోధన ఆగిపోవలసినదే అనుకొనుట నిజము కాదు.

నాల్గవది సంఘములకు. పండుగకు రంగులు వేయుటకు, మైకులు కొనుటకు చందా ఎత్తుతాము. తప్పు లేదు. అందులో కొంత తీసి ఏడాదికి ఒక్క ఆడపిల్లకు పరీక్ష ఫీజు కట్టండి. నల్లగొండలో, హైదరాబాదులో ఉన్న మన సంఘస్థుల ఇండ్లలో పరీక్ష రోజులలో ఒక పిల్లకు రెండు రాత్రులు చోటివ్వండి. దుర్గాబాయి గారికి కావలసి వచ్చినది అంతకంటె ఎక్కువ కాదు.

అయిదవది, కాలేజీలలో పనిచేస్తున్న సోదరీమణులకు. హాస్టలు వార్డెను పని, సాంస్కృతిక కార్యక్రమముల పని మీకు సులభముగా అప్పగిస్తారు. అవి కూడా మంచి పనులే. అయితే పరీక్షల విభాగము, లెక్కల కమిటీ, డీన్ బాధ్యత, రిజిస్ట్రారు పని వచ్చినప్పుడు "నాకెందుకులే" అని తప్పుకొనవద్దు. ఒక విశ్వవిద్యాలయము ఎట్లు నడుస్తుందో నేర్చుకొనేది అక్కడనే. ఆ అనుభవము కాగితము మీద లేని పేరును కమిటీ వారు చేపట్టరు. సాయంత్రము మీటింగు ఉన్న దినమున ఇంటి వంట భర్త చేస్తే ఆయన గౌరవము తగ్గదు.

వచ్చే ఏప్రిల్‌లో మరల ఫలితములు వస్తవి. మరల ఫ్లెక్సీలు కడతారు. ఆ ఫొటోలలో మీ బిడ్డ ఉండవచ్చును, మీ పక్కింటి బిడ్డ ఉండవచ్చును. ఫొటో చూచి సంతోషించి ఊరకుండవద్దు. "తరువాత ఏమి చదువుతావు తల్లీ?" అని అడగండి. ఆమె ఏమి చెప్పినా మధ్యలో ఆపక చివరి వరకు వినండి. ఆపైన ఆమె తండ్రితో కూడా ఒక మాట మాట్లాడండి. ఆ ఇంటి వారికి మీ మాట అవసరమైన వారము అదే.

ప్రభువు మన బిడ్డల కాళ్ళకు బలమును, మన మనస్సులకు విశాలతను దయచేయును గాక.